విప్పిన కుట్టు

పోయినవారం కథలో నర్సు సిస్టరమ్మ తన తెల్లకోటు మీద తానే కత్తెర వేయడం చూసి ఈ మనిషికి మతి చలించిందని అనుకున్నవాళ్ళు ఉంటారు. అనుకోవడంలో తప్పులేదు. ఆ అనుమానం ఆ క్షణాన ఆమెకే వచ్చింది. కానీ ఆ కత్తెర వెనక నిండు కడుపుతో ఉన్న ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల మింగాల్సిన మాత్రలు ఆసుపత్రి అలమరలో పడి ఉన్నాయి. మందు ఒకచోట, మనిషి ఒకచోట. మొదటినుంచీ ఈ కథంతా అదే.

ఇప్పుడిప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఆ చిన్న ఆసుపత్రికి మొన్నమొన్నటిదాకా రెండు గుమ్మాలుండేవి. వీధి వైపు గుమ్మంలో కాన్పులు, కడుపుతో ఉన్నవాళ్ళకు పరీక్షలు, పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్ళకు సూదులు. పెరటి వైపు ఆకుపచ్చ తలుపు గదిలో హెచ్‌ఐవి ఉన్నవాళ్ళకు మందులు. మధ్యలో ఒక గోడ. ఆకుపచ్చ తలుపు వైపు ఎవరు మళ్ళినా వీధి వీధంతా తల తిప్పి చూసేది. అంతకంటే పాడు సంగతి ఇంకొకటుంది. గోడకు ఇటువైపు పనిచేసేవాళ్ళకు అటువైపు మందుల సంగతి తెలియదు. అటువైపు వాళ్ళు తమ దగ్గరికొచ్చిన ఆడవాళ్ళను పిల్లలు కావాలా అని అడిగిన పాపాన పోలేదు. మందులు పుచ్చుకునేవాళ్ళకు కూడా కడుపులు పండుతాయని ఆ గోడకు తోచలేదన్నమాట.

అలాంటి రోజుల్లో ఒక తల్లి గోడకు ఇటువైపు ప్రసవించింది. బిడ్డకు జబ్బు అంటకుండా కాపాడే మందు గోడకు అటువైపు ఉంది. ఆమెను అక్కడిదాకా నడిపించినవాళ్ళు లేరు. ఆ బిడ్డ జబ్బుతోనే పుట్టింది. తల్లి పోయాక పిన్ని పెంచింది, ఆకుపచ్చ తలుపు దగ్గరికి వేలు పట్టుకుని తీసుకొచ్చేది. కాళ్ళందని బల్ల మీదికి ఎగిరి ఎక్కుతూ, మళ్ళీ దూకుతూ ఉండే ఆ పిల్లకు పిచ్చుక అని పేరు పెట్టింది సిస్టరమ్మే. పిచ్చుక పెరిగింది. మందు మానలేదు, జబ్బు పరీక్షకు కూడా దొరకనంతగా అణిగిపోయింది. కుట్టుపని నేర్చుకుంది. దూరపు రేవులో క్రేను నడిపే అబ్బాయిని ఇష్టపడి, ఉన్నదంతా ముందే చెప్పి, పెళ్ళి చేసుకుంది. అతనికి జబ్బు లేదు, భార్య సంగతి పూర్తిగా తెలుసు. తెలియనిది అతని తల్లికి. కడుపు నిలిచిందని తెలిసిన రోజు పిచ్చుక సిస్టరమ్మ చేతులు పట్టుకుని ఒకే ఒక్క మాట అంది.

"ఇది నా దగ్గరే ఆగిపోవాలి సిస్టరమ్మా."

సిస్టరమ్మ పైవాళ్ళతో తగువులు పడి, కాళ్ళు పట్టుకుని, చివరికి అలిగి ఆ గోడ కూలగొట్టించింది. ఒకే గుమ్మం, ఒకే బల్ల, ఒకే గది. కాన్పైనా, సూదైనా, మాత్రలైనా అన్నీ అక్కడే. బల్ల మీద కూర్చున్న ఆడమనిషి దేనికొచ్చిందో ఇక ఎవరూ చెప్పలేరని ఆమె సంబరం.

పుణ్యానికి పోతే పాపం ఎదురైందని సామెత ఊరికే పుట్టలేదు. ఆకుపచ్చ తలుపు నుంచి వచ్చినవాళ్ళకు చెప్పుకోవాల్సినవి ఎక్కువ ఉంటాయి. వెనక ఇంకొకరు ఎదురుచూస్తున్నారన్న తొందర లేకుండా తీరిగ్గా మాట్లాడుకోనిద్దామని సిస్టరమ్మ వాళ్ళను అందరికంటే చివర పిలిచేది. ఎవరితోనూ అనలేదు. అదొక పద్ధతని తాను కూడా అనుకోలేదు. కానీ బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళకు చూడటం తప్ప ఏం పని ఉంటుంది? కొన్నాళ్ళకే వాళ్ళు కనిపెట్టేశారు. చివర పిలిచారంటే ఆకుపచ్చ తలుపు మనిషేనని ఇప్పుడు బల్లంతటికీ తెలుసు.

ఆ సంగతి సిస్టరమ్మకు తెలియజెప్పింది బేకరీ ఆవిడ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సూది వేయించుకుని లేస్తూ, నన్ను మాత్రం ఎప్పుడూ చివర పిలవకు తల్లీ, మా ఆయన చెవిన పడితే కొంప మునుగుతుంది అని నవ్వింది. సిస్టరమ్మ గుండెల్లో రాయి పడింది. అంతకుముందే బేకరీ ఆవిడ అదే మాట ఇంకో చెవిలో వేసింది. ఆ చెవి పిచ్చుక అత్తగారిది. ఆ రోజు కోడలి కోసం బల్ల మీద కూర్చున్న అత్తగారు, తన కోడల్ని అందరికంటే చివర పిలవడం కళ్ళారా చూసింది.

ఈ అత్తగారిని వీధంతా కత్తెరమ్మ అంటారు. మెడలో రిబ్బనుకు వేలాడే కత్తెరను చూసి అంటారని కొందరు, నోటిని విని అంటారని కొందరు. ఆవిడ కోడలిని అనుమానించలేదు. అదే వచ్చిన చిక్కు. ఆవిడకు ఒళ్ళు మండింది. బంగారం లాంటి మా పిల్లను ఆ జబ్బువాళ్ళలో జమకడతారా అని, ఆ పూటే ఆ గుమ్మానికి దణ్ణం పెట్టేసింది. వీధి చివర ప్రైవేటు నర్సింగ్ హోముకు మార్చింది. నెలలు నిండుతున్నాయని కోడల్ని ఒంటరిగా కాలు బయటపెట్టనివ్వదు. అంతా ప్రేమే. సిస్టరమ్మ ఫోను చేసినప్పుడల్లా మిషను బల్ల మీదున్న కోడలి ఫోను తానే ఎత్తి, అమ్మాయి బాగానే ఉంది, మీకెందుకు శ్రమ అని మర్యాదగా పెట్టేసేది.

సిస్టరమ్మ లెక్క ప్రకారం పిచ్చుక దగ్గరున్న మందు ఈపాటికి అయిపోయి ఉండాలి. మందు ఆగితే జబ్బు తల ఎత్తుతుంది. కాన్పు దగ్గర పడుతున్న వేళ అది తల ఎత్తిందంటే బిడ్డను అంటుకోవచ్చు. అదిగో, అందుకే ఆ కత్తెర. కోటు జేబు సగం విప్పి, మాత్రలను మెత్తటి గుడ్డలో మూటకట్టి, జేబుకూ లోపలి బట్టకూ మధ్య దోపి, నాలుగు టాకాలు వేసింది. కత్తెరమ్మ కొట్లో పెద్ద పనులు కత్తెరమ్మవి, చేతి కుట్లూ గుండీలూ కోడలివి. ఊడిన జేబు కోడలి ఒళ్ళోకి పోక ఎక్కడికి పోతుంది? డాక్టరుగారికి చెబితే ఇదేం పని అంటాడు. అందుకని చెప్పలేదు.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా సిస్టరమ్మ కోటు చంకన పెట్టుకుని ఆ ఇంటి గడప ఎక్కింది.

ముందుగదే కొట్టు. కిటికీ పక్కన మిషను, దాని ముందు ఎత్తు దిండు వేసిన కుర్చీ, గోడ పొడుగునా స్కూలు యూనిఫారాల నీలం గుడ్డ. బడులు తెరిచే రోజులు. గది నిండా నీలం నూగు ఎగురుతోంది. కత్తెరమ్మ కనుబొమల మీద కూడా ఆ నూగే. లోపలి గదికి ఒక తలుపు, తలుపుకో పరదా.

"రండి సిస్టరమ్మా, కూర్చోండి," అంది కత్తెరమ్మ. మాటలో మర్యాద ఉంది, ముఖంలో లేదు. ముక్కాలిపీట మీదున్న నిక్కర్లు తీసి పక్కన పెట్టి, గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది.

సిస్టరమ్మ నీళ్ళు పుచ్చుకుని, దారిలో నాలుగుసార్లు వల్లెవేసుకున్న అబద్ధం చెప్పింది. తలుపు గడియకు తగులుకుని జేబు ఊడిపోయిందనీ, రేపు పొద్దున్నే వేసుకోవాలనీ, చేతి కుట్టయితే చాలనీ. కత్తెరమ్మ ఇప్పుడు లోపలికి తిరిగి అమ్మాయ్ అని పిలుస్తుందని పరదా వైపు చూసింది.

కత్తెరమ్మ పిలవలేదు. కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి చాపింది. పిల్ల పొద్దుట్నుంచీ గుండీలు కుట్టి అలిసిపోయింది, ఇప్పుడే కాసేపు నడుం వాల్చమన్నాను, ఇలా ఇవ్వండి నేనే వేసేస్తాను అంది.

కోటు ఇవ్వకుండా ఉండటానికి సిస్టరమ్మకు ఒక్క సాకూ దొరకలేదు. ఇక తప్పదన్నట్టు ఇచ్చేసింది. ఇచ్చాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ గ్లాసు ఎత్తుకుంది.

కత్తెరమ్మ కోటును వెలుగుకు పట్టింది. జేబు అంచు వేలితో తడిమింది. మళ్ళీ వెలుగుకు పట్టింది.

"ఇది ఊడిన జేబు కాదు."

కత్తెరమ్మ జేబు అంచును వేలి మీద పరిచి చూపించింది.

"గడియకు తగిలి ఊడితే బట్ట సాగుతుంది, దారానికి పీచు లేస్తుంది. ఇక్కడ ప్రతి పోగూ నున్నగా ఉంది. కత్తెర తెంపింది దీన్ని. అదీ ఎడంచేతి వాటం వాళ్ళు పట్టిన కత్తెర."

సిస్టరమ్మ ఎడంచేతిలోని గ్లాసును మెల్లిగా కుడిచేతిలోకి మార్చుకుంది.

"చల్లకొచ్చి ముంత దాచడం దేనికి సిస్టరమ్మా?" అంది కత్తెరమ్మ. కోటు ఒళ్ళో పెట్టుకుంది కానీ తిరిగి ఇవ్వలేదు. "దేనికొచ్చారో చెప్పండి."

చెప్పగలిగినంత వరకూ సిస్టరమ్మ చెప్పింది. బల్ల దగ్గర జరిగినది విన్నాననీ, చివర పిలవడం తన పనేననీ, మంచిదనుకుని చేశాననీ, అది ఇంతమంది నెత్తిన ముద్రలా పడుతుందని తనకు తోచలేదనీ. చెబుతున్నంతసేపూ తల దించుకునే ఉంది. ఇన్నేళ్ళలో ఒక రోగి ఇంటికొచ్చి తప్పు ఒప్పుకోవడం ఆమెకిదే మొదలు. అయినా ఏదీ నమలకుండా చెప్పింది. ఇకమీదట ఎవరు ముందొస్తే వాళ్ళే ముందు అనీ, కోడల్ని మళ్ళీ పంపమనీ అడిగింది.

కత్తెరమ్మ అంతా విన్నది. ఆవిడ ముఖం కొంచెం మెత్తబడింది కూడా. తప్పు ఒప్పుకున్నవాళ్ళ మీద ఆవిడ నోరు చేసుకోదు. కానీ బట్ట కొలవడం తెలిసిన మనిషి కదా, మాటనూ ఈ చివర నుంచి ఆ చివరదాకా కొలిచింది.

"ఆ జబ్బువాళ్ళతో తీరిగ్గా మాట్లాడదామని వాళ్ళని చివర పిలిచారు. బాగుంది. మరి మా పిల్లనెందుకు చివర పిలిచారు?"

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. సిస్టరమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏదో అలా కుదిరిందంటే అబద్ధం. ఇప్పుడే ఒక అబద్ధాన్ని దారప్పోగులు చూసి పట్టుకున్న మనిషి ముందు రెండోది చెల్లదు. నిజం చెబితే పిచ్చుక ఇన్నేళ్ళుగా దాచుకున్నది తన నోటితో బజారున పడేసినట్టు. మౌనంగా ఉన్నా, అదీ ఒక జవాబే.

"చెప్పను అక్కా," అంది చివరికి.

"చెప్పలేరా, చెప్పరా?"

"చెప్పను. ఎవరి గురించి ఎవరొచ్చి అడిగినా చెప్పను. ఉన్నా చెప్పను, లేకపోయినా చెప్పను."

"నేను దాని అత్తని. బయటిదాన్ని కాదు."

సిస్టరమ్మ పరదా వైపు చూసి, పీట ముందుకు జరుపుకుని గొంతు తగ్గించింది. "వానాకాలంలో ఒకరోజు మీరు ఒక్కరే వచ్చారు. తలుపు గడియ వేయమన్నారు. ఆ రోజు చెప్పింది మీ కోడలికి తెలుసా? మీ అబ్బాయికి తెలుసా?"

కత్తెరమ్మ కూర్చున్న ఎత్తు దిండు మీద అటూ ఇటూ కదిలింది. ఆ దిండు మిషను అందడానికని ఇంట్లో వాళ్ళకు చెప్పుకుంది. అసలు సంగతి వేరు. కొడుకు పుట్టిన కొన్నాళ్ళకే గుడ్డ తాన్లు మోసి మోసి, ఆవిడకు గర్భసంచి జారింది. చెప్పుకోవడానికి సిగ్గుపడి ఏళ్ళ తరబడి అలాగే మిషను తొక్కింది. నడిస్తే బరువు, కూర్చుంటే నొప్పి, నవ్వితే తడి. వానాకాలంలో ఇక భరించలేక వస్తే, సిస్టరమ్మ అది జారకుండా లోపల రింగు అమర్చి, పెద్ద డాక్టరుకు చూపించి, ఈ వయసులో చాలామందికి వచ్చేదే, ఇందులో మీ తప్పేం లేదని చెప్పింది. కత్తెరమ్మ ఆ రోజు ఏడ్చింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళింది.

"ఆ గది అదే అక్కా," అంది సిస్టరమ్మ. "మీ మాట దాగిన గదిలోనే అందరి మాటా దాగుతుంది. ఒకరి కోసం తెరిచానంటే ఇక అందరి కోసం తెరిచినట్టే."

ఏమీ తోచనప్పుడు కత్తెరమ్మ చేతులు పని వెతుక్కుంటాయి. సూదికి దారం ఎక్కించి, జేబు సర్ది, కుట్టడానికి బట్టను వేళ్ళ మధ్యకు తీసుకుంది. అక్కడ ఆగిపోయింది.

జేబుకూ లోపలి బట్టకూ మధ్య మెత్తగా ఏదో తగిలింది. ఆవిడ బొటనవేలు దాన్ని నొక్కి చూసింది. లోపల చిన్న చిన్న గట్టి పలుకులు. గుండీలు ఎంతుంటాయో ఎలా ఉంటాయో ఆ వేళ్ళకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇవి గుండీలు కావు.

సిస్టరమ్మ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. కత్తెర ఆవిడ మెడలోనే ఉంది. నాలుగు టాకాలు తెంపితే చాలు, మూట ఒళ్ళో పడుతుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. కత్తెరమ్మ చెయ్యి కత్తెర మీదికి వెళ్ళింది కూడా. దాన్ని పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి బయటకు చూసింది. ఆ ముఖంలో కోపం వచ్చి పోవడం, భయం వచ్చి నిలబడటం సిస్టరమ్మ చూసింది.

కత్తెరమ్మ కత్తెర వదిలేసింది. సూదిలోంచి దారం లాగేసి, సూదిని దిండుకు గుచ్చింది.

"అమ్మాయ్, లేచావా?"

పరదా తొలగించుకుని పిచ్చుక వచ్చింది. కడుపు ముందుకొచ్చాక ఆ నడకలో పాత గెంతులు లేవు, ఒక చెయ్యి నడుం మీద ఉంది. సిస్టరమ్మను చూడగానే ఆ పిల్ల ముఖం తెల్లబోయింది.

"సిస్టరమ్మగారి కోటు. జేబు ఊడింది," అంది కత్తెరమ్మ. "నా కళ్ళు ఆనడం లేదు. లోపలికి తీసుకెళ్ళి నువ్వే కుట్టు. తలుపేసుకో, గాలికి దారం ఎగురుతుంది."

ఇందాకే పోగుల చివరలు చూసి ఎడంచెయ్యి పట్టేసిన కళ్ళవి. అత్తగార్ల గురించి ఎప్పుడూ మంచిగా చెప్పని లోకంలో ఇలాంటి అత్తలు కూడా ఉంటారని, ఆ ముక్క ఎవరైనా గట్టిగా చెబితే బాగుండునని సిస్టరమ్మకు అనిపించింది. పిచ్చుక కోటు అందుకుని అత్తగారి ముఖం చూసింది, సిస్టరమ్మ ముఖం చూసింది, లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

కాసేపటికి లోపల కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు పోసిన చప్పుడైంది. ముందుగదిలో ఇద్దరూ విన్నారు. ఇద్దరూ విననట్టే యూనిఫారాలు చూస్తూ కూర్చున్నారు.

"వచ్చేవారం ఇద్దరం వస్తాం," అంది కత్తెరమ్మ. "బల్ల నిండా జనం ఉండగా నన్ను చివర పిలవండి. ఆ బేకరీ ఆవిడ కూడా ఉండేట్టు చూసుకోండి."

అలా వద్దని సిస్టరమ్మ వారించింది. మీ గురించి లేనిపోనివి అనుకుంటారంది. అనుకోనివ్వండి, ఈ వయసులో నాకు పెళ్ళి సంబంధాలు చెడిపోతాయా అంది కత్తెరమ్మ. ఒకసారి నేను, ఒకసారి బేకరీ ఆవిడ, ఒకసారి ఇంకొకరు, అందర్నీ చివర పిలిస్తే ఆ వంతుకు ఇక అర్థమే ఉండదంది. సిస్టరమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే కత్తెరమ్మ గొంతు మారింది.

"ఒకటి అడుగుతాను. ఎవరి గురించీ కాదు, ఊరికే. తల్లికి ఆ జబ్బుంటే, బిడ్డకు రాకుండా ఆగుతుందా?"

ఎవరి గురించీ కాని ప్రశ్నకు సిస్టరమ్మ జవాబు చెప్పొచ్చు. చెప్పింది, మనసారా చెప్పింది. తల్లి మానకుండా మందు వేసుకుంటే జబ్బు ఆమె ఒంట్లోనే అణిగి ఉంటుందనీ, పుట్టాక బిడ్డకు కొన్నాళ్ళు సిరప్ పోస్తారనీ, అలా చేస్తే దాదాపు అందరు పిల్లలూ ఏ జబ్బూ లేకుండా పెరుగుతారనీ. తల్లి వేసుకునే మందే బిడ్డకు గొడుగు పట్టినట్టని చెప్పింది.

కత్తెరమ్మ మెడలోని కత్తెర పిడికిట పట్టుకుంది. "మధ్యలో మానేస్తే? పంతానికి పోయి, ఇంట్లోంచి కదలనివ్వకుండా, మాన్పించింది ఆ పిల్ల అత్తే అయితే?"

సిస్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఏం చెప్పేదో కానీ, ఈలోగా లోపలి తలుపు తెరుచుకుంది.

పిచ్చుక పరదా పక్కన నిలబడి ఉంది. ఒక చేతిలో నిండు నీళ్ళ గ్లాసు, ఒక్క గుక్క కూడా తాగలేదు. ఇంకో చేతిలో గుడ్డ మూట, కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

"మీరు మాన్పించలేదు అత్తయ్యా," అంది. "ఆ జబ్బు నాదే. మా అమ్మ దగ్గర్నుంచి పుట్టుకతో వచ్చింది. మీ అబ్బాయికి లేదు, ఆయనకు అంతా చెప్పే చేసుకున్నాను. మీకు చెప్పడానికే ధైర్యం చాల్లేదు. కానీ మందు మీరు ఆపలేదు. నా దగ్గర ఇంకా ఉంది, రంగుదారాల పెట్టె అడుగున. మీరు ఆసుపత్రికి వద్దనక ముందే నేను మానేశాను."

సిస్టరమ్మ లేచి నిలబడింది. "ఎందుకే తల్లీ? ఎప్పట్నుంచి?"

"మిమ్మల్ని ఆ మాట అడిగిన రోజు నుంచి."

ఏ మాటో సిస్టరమ్మకు వెంటనే గుర్తొచ్చింది. నెల పైనే అయింది. ఆ రోజు కూడా పిచ్చుక వంతు చివరే. తీరిగ్గా మాట్లాడుకోవడానికని చివర పిలిచిన పిల్ల లోపలికొచ్చేసరికి సిస్టరమ్మ ఒళ్ళు హూనమై, కిటికీలు మూస్తూ ఉంది. నేను వేసుకునే మందు బిడ్డ ఒంట్లోకి కూడా చేరుతుందా అని ఆ పిల్ల అడిగింది. ఆ, చేరుతుంది అని సిస్టరమ్మ వెనక్కి తిరక్కుండానే చెప్పింది. మానకు, మానకు అని చిన్నప్పటినుంచీ వెయ్యిసార్లు చెప్పింది కానీ, ఆ మందు కడుపులోని బిడ్డకు ఏం చేస్తుందో కూర్చోబెట్టి ఒక్కసారీ చెప్పలేదు. ఇందాక, ఎవరి గురించీ కాని ప్రశ్నకు, మొదటిసారి చెప్పింది.

"మా అమ్మ ఒంట్లోంచే కదా నాకు వచ్చింది," అంది పిచ్చుక. కన్నీళ్ళు తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు. "నా ఒంట్లోంచి ఏదీ బిడ్డకు పోకూడదనుకున్నాను. మందైనా సరే, ఏదీ పోకూడదనుకున్నాను. అది గొడుగని నాకు తెలియదు సిస్టరమ్మా. ఇప్పుడే, తలుపు వెనకనుంచి విన్నాను."

కత్తెరమ్మ దిండు మీద నుంచి లేచింది. కోడలి దగ్గరికి వెళ్ళి మూట అందుకుని, ముడి విప్పి, ఒక మాత్ర తీసి ఆ పిల్ల నోటికి తానే అందించింది. నీళ్ళు తాగేదాకా గ్లాసు కింద చెయ్యి పట్టింది. తర్వాత మెడలోని కత్తెర తీసి మిషను మీద పెట్టి, కిటికీ రెక్కలు దగ్గరికి లాగి, చెప్పులు వెతుక్కుంది. ఆసుపత్రి ఇంకా తెరిచే ఉంటుంది కదా, ఇప్పుడే పోదాం అంది. గుమ్మంలో ఆగి, సిస్టరమ్మ వైపు తిరిగింది.

"నెల పోయింది. కాన్పు దగ్గర పడింది. ఇంకా టైముందా?"

కోడలూ అదే ప్రశ్న కళ్ళలో పెట్టుకుని చూస్తోంది. సిస్టరమ్మ ఆ కడుపు వైపు చూసింది. ఈసారి ఆమె తొందరపడి జవాబు చెప్పలేదు.